నిద్దరనప

ఆ ఏడాది నేను భయపడని వస్తువు లేదు. మా కూతురు కుముద కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచి బస్సుకు భయపడ్డాను, బావి మెట్లకు భయపడ్డాను, పెరట్లో కాపుకొచ్చిన బొప్పాయి చెట్టును కొట్టించేశాను. భయపడనిది ఒక్క అనపకాయకే.

అనపకాయకు ఎవరు భయపడతారు? సొరకాయ కాదు, చిక్కుడు లాంటి గింజల కాయ. మా పలమనేరు వైపు చలికాలం వచ్చిందంటే ప్రతి ఇంట్లో గిన్నె నిండా అనపగింజలు నానుతుంటాయి. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే తొక్క చేతిలో ఉండిపోతుంది, పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. సంగటిలోకి పితికిపప్పు కూరాకు ఉంటే మావాళ్ళకు ఇంకేమీ అక్కరలేదు. పితకడాన్ని మేం పని అనుకోం. నలుగురు ఆడవాళ్ళు అరుగు మీద చేరి మాట్లాడుకుంటుంటే చేతులు వాటంతట అవి చేసుకుపోతాయి. పప్పు మాకు, తొక్కలూ నానిన నీళ్ళూ కుడితి తొట్టిలో ఆవుకు. మా అమ్మ అట్లాగే చేసింది, వాళ్ళమ్మా అట్లాగే చేసింది.

కాకపోతే ఆ ఏడాది మా అరుగు మీద నానిన గింజలు మా అమ్మ కాలం నాటివి కావు. మా కుముద పుట్టించినవి. ఊరి బయట పప్పుధాన్యాల మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి ఉంది. ఊళ్ళో అందరం ఫారం అంటాం. కుముద వ్యవసాయం చదువు చదివి అక్కడే చేరింది. పెళ్ళయినా, అల్లుడు గుణశేఖరం బస్సు డ్రైవరు కాబట్టి ఎక్కడుంటే ఏమని మా ఇంట్లోనే ఉండేవాళ్ళు.

అంతకు ముందు వానాకాలంలో మా ఆయన మునస్వామి ఆ పైరును పీకేయబోయాడు. చినుకు పడి నెలన్నర దాటింది. వేరుశనగ మాడిపోయి పొయ్యిలోకి తప్ప పనికిరాకుండా ఉంది. దాని పక్కనే ఫారం వాళ్ళు పరీక్ష కోసం మా చేలో వేయించిన అనప, ఆకులన్నీ ముడుచుకుని, కాడలు బూడిదరంగుకు తిరిగి, వేరుశనగ కంటే అన్యాయంగా ఉంది.

“పీకి ఆవుకేస్తా. రొండు పూట్లన్నా మేస్తుంది,” అన్నాడు.

“చెయ్యి పెట్టొద్దు నాయనా. అది చావలే. నిద్దరపోతా ఉండాది,” అంది కుముద.

“నిద్దరంట! నేను సేద్యం చేస్తా ఉంటే నువ్వు పుట్నావు. సచ్చిన చెట్టు నాకు తెలీదా?”

కుముద వంగి ఒక కాడను గోటితో గీరింది. లోపల సన్నగా, దారప్పోగంత, పచ్చగా ఉంది.

“మామూలు చెట్టు నీళ్ళు లేకపోతే బతకాలని గింజుకోని గింజుకోని చస్తుంది. దీనికి గింజుకునేది రాదు నాయనా. ఆగిపోతుంది. వేళ్ళకు బుడిపెలుంటాయి గదా, ఆ బుడిపెల్లో కంటికి కనపడని జీవాలుంటాయి. అవే గాలిలో ఉండే సత్తువను పట్టి నేలకిస్తాయి, యూరియా పని లేకుండా. తడి తగలంగానే చెట్టును లేపేదీ అవే.”

ఆయన నా వైపు చూసి నవ్వాడు. “నీ భయాలకు తోడు దీని కతలు.”

వాన పడింది. మర్నాటి మధ్యాహ్నానికి ముడుచుకున్న ఆకులన్నీ విప్పుకున్నాయి. మా ఆయన గట్టు మీద గోచీ తడుస్తున్నా లేవకుండా కూర్చుని చూశాడు. ఆగిన నెలన్నర పెరుగుదలనూ ఆ పైరు వారంలో పెరిగేసింది. అట్లా పెరిగేటప్పుడు కింది ఆకులన్నీ పసుపుబారి జలజలా రాలిపోయాయి. వాటిలోని సారమంతా పైకి లాక్కుంటుందని కుముద చెప్పింది. రాలిన ఆకులను నేనే ఊడ్చి దిబ్బలో పోశాను.

ఆ ఏడాది మా ఊళ్ళో పండింది అదొక్కటే. కోత అయిపోయినా చేను దున్నక్కరలేదు, పైరు అక్కడే నిద్రపోయి మళ్ళీ వానకు లేస్తుందన్నారు. ఊళ్ళో దానికి నిద్దరనప అని పేరు పడింది. ఫారం పెద్దాయన డాక్టర్ చెంగల్రాయుడు గారు వచ్చి, పప్పును ఎలుకలకూ కుందేళ్ళకూ ఏళ్ళ తరబడి పెట్టి చూశామని, ఏ దోషమూ లేదని, ముందు మా ఊరి వాళ్ళు తినవచ్చని, వచ్చే తొలకరికి జిల్లా అంతా విత్తనం ఇస్తామని చెప్పాడు. కరువు సీమలో ఇంక ఆకలి చావు ఉండదన్నాడు. అందరికంటే ఎక్కువ గింజలు మా ఇంటికి వచ్చాయి. కుముదకు వేవిళ్ళు తగ్గి నోటికి రుచి పుట్టిన కాలం. పితికిపప్పు తప్ప వేరే కూర వద్దనేది. నేను పితుకుతుంటే పక్కన చేరి తనూ పితికేది.

“వంగి కూసోవద్దు, కడుపు నలుగుతుంది. గోడకు ఆనుకో,” అనేదాన్ని.

“గోడ కూలుతుందని భయం లేదా మా?” అనేది.

ఎదురింటి కన్నెమ్మ వదిన కూడా వచ్చేది. “కుముదా, నీ గింజలు పితికిన దినం నాకు ఆకిలే కాదు మే. మా కోడలి సంగటి అట్లే మిగిలిపోతా ఉండాది.”

“మీ కోడలి సంగటికి ఎవురికి ఆకిలవుతుంది కన్నెమ్మత్తా,” అంది కుముద. కన్నెమ్మ వదిన తొక్కలు తీసి దాని మీద చల్లింది. ముగ్గురం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నాం.

*

ఐదో నెలలో తీసిన స్కానింగు బాగానే ఉంది. ఆరో నెలలో తీస్తే బిడ్డ అంతే ఉంది. నెలలు లెక్క తప్పి ఉంటాయిలే అంది డాక్టరమ్మ. ఏడో నెలలోనూ అంతే ఉంది. ఆ అమ్మ ఈసారి గొట్టాన్ని కడుపు మీద అటూ ఇటూ చాలాసేపు జరిపింది.

“గుండె కొట్టుకుంటా ఉందిగదా మేడం?” అని నేనే అడిగాను.

“కొట్టుకుంటోందమ్మా. కానీ చాలా మెల్లగా. ఒకసారి కొట్టుకున్నాక... మళ్ళీ ఎప్పుడా అని ఎదురుచూడాల్సి వస్తోంది.”

నా భయాలు నన్ను దేనికీ సిద్ధం చేయలేదని అప్పుడు తెలిసింది. నేను బిడ్డ అడ్డం తిరుగుతుందని భయపడ్డాను. పేగు మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాను. బిడ్డ ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోతుందని భయపడాలని నాకెవరు చెప్పారు?

ఇంటికి వచ్చేసరికి మా ఆయన కొట్టం దగ్గర నిలబడి ఉన్నాడు. చుక్కావు ఈనాల్సిన నెల దాటిపోయింది. డొక్క పెరగలేదు, పొదుగు చేయలేదు. కన్నెమ్మ వాళ్ళ బర్రె కూడా అంతే. ఊళ్ళో చూడి కట్టిన ఏ పశువూ ఈనలేదు. పశువుల డాక్టరు వచ్చి చెయ్యి పెట్టి చూసి, దూడ బతికే ఉందనీ కదలడం లేదనీ చెప్పి, చెయ్యి కడుక్కుంటూ ఆశ్చర్యపోయి వెళ్ళాడట.

కుముద చేతిసంచి కింద పెట్టలేదు. నేరుగా కుడితి తొట్టి దగ్గరికి వెళ్ళింది. తొట్టిలో పైన అనపతొక్కలు తేలుతున్నాయి. చాలాసేపు వాటినే చూసింది. తర్వాత తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. బొటనవేలు, చూపుడువేలు, ఆ రెండింటి కొనలూ గోరింట పెట్టినట్టు ఎర్రమట్టిరంగులో ఉన్నాయి. నావీ అట్లాగే ఉన్నాయి. చలికాలంలో మా ఊరి ఆడవాళ్ళందరి వేళ్ళూ అట్లాగే ఉంటాయి.

“అమ్మా, ఫారంలో తొక్క మిషన్ తీస్తుంది,” అంది.

“తీస్తే?”

“మేం పప్పు పరీక్ష చేసినాం. వేరు చేసినాం, ఆకు చేసినాం. తొక్కను కూడా ఉడకబెట్టి చేసినాం. పచ్చి తొక్కను చెయ్యలే. నానిన పచ్చి తొక్కను ఎవురు తింటారులే అనుకున్యాం.” చేతి వేళ్ళు చీరకు రుద్దుకుంది. “ఏళ్ళతో పితుకుతారని రాయాలని నాకు తోచనే లేదమ్మా. నేనే పితుకుతా ఉండి, నాకే తోచలే.”

నిద్ర ఆ తొక్కలో ఉందట. ఉడికితే చచ్చిపోతుంది, పచ్చిగా ఉంటే వేలి కొన నుంచి నెత్తురులోకి పోతుంది. పెరగడం అయిపోయిన మాలాంటి వాళ్ళకు ఆకలి మందగించడం తప్ప ఏమీ చేయదు. కడుపులో పెరిగేదాన్ని మాత్రం ఆపేస్తుంది.

“పితికేది మానేస్తే లేస్తుంది గదా బిడ్డ?” అన్నాను.

“పైరు తనకు తానుగా లేచిందా మా? బుడిపెలు లేపితే లేచింది. దానికి బుడిపెలుండాయి.” తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. “దీనికేముండాయి?”

*

చెంగల్రాయుడు గారు ఆ వారంలోనే చేలో నిద్రపోతున్న పైరంతా వేళ్ళతో సహా పీకించాడు. ఇళ్ళల్లో దాచుకున్న గింజలు కూడా పోగు చేయించి కాల్పించాడు. తొలకరికి విత్తనం లేదన్నాడు. ఆ ఏడాది ఊళ్ళో ఎవరి దగ్గరా వేరే గింజ లేదు. పొగ మూడు రోజులు మా ఇళ్ళ మీదనే తిరిగింది.

కన్నెమ్మ వదిన మా గుమ్మంలో నిలబడి అంది: “నీ కూతురి కడుపు కోసరం ఊరి కడుపు కాల్చినారు వదినా. నేను నిన్నేమీ అనను. అయినా అనకుండా ఉండలేను.”

నేను కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. మళ్ళీ మా అరుగు ఎక్కలేదు.

తిరుపతిలో పెద్ద డాక్టర్లు చూశారు. బిడ్డను తీసేద్దాం, తల్లికి ప్రమాదం ఉండదు అన్నారు. నేను వెంటనే సరేనన్నాను. గుణశేఖరం తల వంచుకున్నాడు. కుముద మంచం మీద నుంచి కాళ్ళు కిందికి దించి చెప్పులు వేసుకుంది.

“దానికేమీ రోగం లేదు. నిద్దరపోతా ఉండాది. నిద్దరపోయేదాన్ని తీసి పారేసేదానికి రాలేదు నేను ఇక్కడికి.”

“నువ్వుంటే ఇంగొకటి పుడుతుంది మే,” అన్నాను.

“ఇది ఇంగొకటి కాదు గదా మా.”

మా ఇద్దరి మధ్యా ఆ తర్వాత జరిగిన గొడవ అంతా ఇంతే. నాకు నా బిడ్డ కావాలి. దానికి దాని బిడ్డ కావాలి. ఇద్దరం తల్లులమే కాబట్టి ఒకరికొకరం సర్దిచెప్పుకోలేకపోయాం.

ఫారంలో మందు తయారు చేయడం మొదలుపెట్టారు. పీకిన పైరు వేళ్ళను కాల్చకుండా దాచి, బుడిపెలు గిల్లి, పైరును లేపే రసాన్ని వాటి నుంచి తీశారు. నేను దాన్ని చూశాను. పలచటి రాగి అంబలిలాగా ఉంది. ఎలుకలకు పట్టారు. కడుపులో పిల్లలు లేచాయన్నారు, పుట్టాయన్నారు. తల్లి ఎలుకల సంగతి అడిగితే చెంగల్రాయుడు గారు, “ఎలుక చిన్న ప్రాణి తల్లీ. పెద్ద ప్రాణిలో చూడాలి,” అన్నాడు.

పెద్ద ప్రాణి అంటే మా చుక్కావు.

దాన్ని మా ఆయనే ఫారంకు తోలుకుపోయాడు. మందు పట్టిన రెండో రోజుకు డొక్క ఉబ్బడం కనపడింది. చెయ్యి ఆనిస్తే లోపల దూడ తన్నుతోంది. నేను కుముద చెయ్యి పట్టుకుని ఆవు డొక్కకు ఆనించాను. చాలా నెలల తర్వాత అది నవ్వింది. వారం తిరిగేసరికి దూడ పుట్టింది. నిండు దూడ, తడితడిగా, పుట్టీ పుట్టగానే లేవబోయి పడింది.

చుక్కావు అప్పటికి ముందటి చుక్కావు కాదు. వీపు మీద చర్మం ఎముకలకు అతుక్కుపోయింది. వెంట్రుక పట్టుకుంటే ఊడివచ్చేది. అయినా దూడ వాసన తగలగానే, నాకడానికని ముందుకాళ్ళ మీద లేచింది. పుటుక్కుమని శబ్దం వచ్చింది. ఎండుపుల్ల విరిగినంత చిన్న శబ్దం. ముందుకాలు విరిగి పక్కకు పడింది. పడినప్పుడు ఇంకో కాలు విరిగింది. దాని నాలుక బయటే ఉంది, దూడకు అందలేదు. మా ఆయన దూడను ఎత్తి నోటి దగ్గర పెట్టాడు. అది నాకుతూ నాకుతూ ఆగిపోయింది. ఈసారి నిద్ర కాదు.

ఆ ఆవులో నేను ఊడ్చి పారేసిన పసుపు ఆకులను చూశాను. ఆగిన నెలలన్నీ పెరగడానికి కావలసిన సారమంతా ఎక్కడి నుంచి వస్తుంది? తల్లి నుంచే.

“చూసినావు గదా,” అన్నాను కుముదతో. “చాలు. ఇంటికి పోదాం రా.”

కుముద ఏడవలేదు. ఆవును చూస్తూ, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలించింది.

“ఆవుకు ఎండుగడ్డి ఏసినాం మా. ఈ కరువులో అంతకంటే ఏమేస్తాం. కానీ నాకు నువ్వుండావు.”

*

కుముద ఆ మందు ఆసుపత్రిలోనే తాగింది. మధ్యాహ్నం, నేను క్యారియరు కడగడానికి కొళాయి దగ్గరికి పోయినప్పుడు. వచ్చేసరికి గ్లాసు బోర్లించి ఉంది. గుణశేఖరం కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

“నన్ను అడగలేదే,” అన్నాను.

“అడిగితే వద్దంటావు. చిన్నప్పటి నుంచి నువ్వు దేనికి సరే అన్యావు?” అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. “తిట్టేది తర్వాత తిట్టు మా. ఆకిలవుతా ఉండాది. శానా.”

అక్కడి నుంచి నాకు భయపడే తీరికే లేకుండా పోయింది. నాకు పెద్ద చదువు లేదు, డాక్టర్లు ఎక్కిస్తున్న సీసాల్లో ఏముందో తెలియదు. నాకు తెలిసింది తిండి. రాగి సంగటి ముద్దలు, నువ్వులుండలు, మునగాకు వేసిన పప్పు, ఎముకల చారు, గుడ్లు, పాలు, మళ్ళీ పాలు. గుణశేఖరం బస్సు దిగి, మళ్ళీ బస్సెక్కి, ఏ ఊళ్ళో ఏది దొరికితే అది తెచ్చాడు. మా ఆయన ఆసుపత్రి వెనక మూడురాళ్ళ పొయ్యి పెట్టాడు. నేను వండుతూ ఉన్నాను, పెడుతూ ఉన్నాను. కుముద మింగుతూ ఉంది. కడుపు చూస్తుండగానే పెరుగుతోంది. దుప్పటి కింద పాము కదిలినట్టు బిడ్డ కదిలేది.

నేను ఎంత పెట్టినా చాలలేదు. లోపలిది నేను పెట్టేదానికంటే వేగంగా తింటోంది.

నాలుగో రోజు సంగటి ముద్ద నములుతున్న కుముద ఆగి, నోట్లో వేలు పెట్టి, ఏదో తీసి చూసింది. పన్ను. నెత్తురు కూడా లేదు. సంగటిలో రాయి తగిలినట్టే తీసి గిన్నె అంచు మీద పెట్టి, మళ్ళీ నోరు తెరిచింది. నేను ఇంకో ముద్ద పెట్టాను. ఏం చేయను? తర్వాత ఇంకొకటి ఊడింది, తర్వాత లెక్క పెట్టలేదు. సంగటిని చారులో పిసికి తాగించాను. జుట్టు దిండు మీద ఉండిపోయేది. పక్కకు తిరగనీయొద్దు, ఎముక విరుగుతుందని డాక్టర్లు చెప్పారు. ఇద్దరు నర్సులూ నేనూ కలిసి దుప్పటితో సహా జరిపేవాళ్ళం. నడుము వంగిపోయింది. చెంపలు లోపలికి పోయాయి.

“అమ్మా, నేనిప్పుడు ఎట్ల ఉండాను?” అని అడిగింది ఒకసారి.

“బాగుండావు.”

“నీకు అబద్ధం చెప్పేది ఇంగా రాలేదు,” అని పళ్ళు లేని నోటితో నవ్వింది.

తొమ్మిదో రోజు ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. నిండుగా, నల్లటి జుట్టుతో, గుప్పిళ్ళు బిగించి ఉంది. కుముద కూడా బతికింది. డాక్టర్లు అందరూ వచ్చి చూశారు, మీరు పెట్టిన తిండే ఆమెను బతికించిందని నాతో అన్నారు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

మూడో రోజు డ్యూటీ మారి కొత్త నర్సు వచ్చింది. బిడ్డకు పాలు పట్టే వేళ. ఉయ్యాలలో నుంచి బిడ్డను తీసి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నాకు యాభై ఆరేళ్ళు. తల నెరిసిపోయిందిగానీ పళ్ళున్నాయి, నడుము నిటారుగానే ఉంది.

“తల్లి యాడమ్మా? బాత్‌రూముకు పోయిందా?” అని నన్ను అడిగింది. తర్వాత మంచం మీద ఉన్న కుముద వైపు తిరిగి, “అవ్వా, నువ్వు రవంత పక్కకు జరుగు, తల్లి కూర్చోవాల,” అంది.

కుముద ముప్పై ఒకటో ఏట ఉంది. నర్సు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను నోరు తెరవబోతే వద్దన్నట్టు కన్ను మూసి తెరిచింది. గోడ పట్టుకుని, మెల్లగా, పక్కకు జరిగింది.

*

బిడ్డకు ఇప్పుడు ఎనిమిది నెలలు. చూసినవాళ్ళు బొద్దుగా ఉందంటారు. ఎంత బుద్ధిమంతురాలో, ఏడుపే వినపడదు అంటారు.

ఏడుపు వినపడకపోవడం ఏమిటో మాకు ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే తెలిసింది. నేను పాలు కాచడం ఆలస్యమైంది. వెళ్ళి చూస్తే బిడ్డ నోరు కొంచెం తెరిచి, చెయ్యి గాలిలోకి ఎత్తి, ఎత్తినట్టే ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది. నేను పెట్టిన కేకకు ఊరంతా రావాల్సింది, కుముద నా నోరు మూసింది. ముక్కు దగ్గర దూది పెట్టింది. చాలాసేపటికి దూది ఒకసారి కదిలింది. పెదవి మీద పాలచుక్క వేసి కూర్చున్నాం. చెయ్యి ఎత్తిన చోటి నుంచి కిందికి దిగింది, కళ్ళు కదిలాయి, ఏమీ ఎరగనట్టు చప్పరించింది.

ఆకలైతే అది ఏడవదు. ఆగిపోతుంది.

మొన్న చెంగల్రాయుడు గారు వచ్చాడు. ఈ మధ్య ఆయన కూడా చిక్కిపోయాడు. పండ్ల సంచి కుముద పక్కన పెట్టి, దాని చేతికర్రను చూసి, తల దించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అన్నీ కాల్చేయమన్నదీ ఆయనే, ఆసుపత్రి గుమ్మంలో రోజూ నిలబడిందీ ఆయనే. అందుకే నాకు ఇంత భయం.

బిడ్డ నా ఒళ్ళో పడుకుని ఉంది. రేషను షాపు దగ్గర వరుసలో నిలబడి నేను అప్పుడే వచ్చాను. ఎత్తుకున్నప్పుడే తెలిసింది, ఒళ్ళు చల్లగా ఉంది.

“కుముదా, నీకొక మాట చెప్పాలని వచ్చినా తల్లీ,” అన్నాడు ఆయన. “మన ఎలుకపిల్లలు పాలు లేకపోతే ఆగిపోతా ఉండాయి. చావడం లేదు. తల్లిని తీసేసినాం, నీళ్ళు తీసేసినాం. ఎన్ని దినాలకైనా, పాలు చూపిస్తే లేచి తాగుతా ఉండాయి.” మాట్లాడుతుంటే ఆయన వెన్ను నిటారుగా అయింది. “ఈ ఏడూ వానలు లేవు. యాడ చూసినా పసిబిడ్డలు రాలిపోతా ఉండారు. ఒక్క బిడ్డన్నా కరువు దాటేదాకా ఆగి ఉండగలిగితే... నీ పాపకు అట్లాంటిది ఏమన్నా కనపడిందా?”

కుముద ఆయన ముఖంలోని వెలుగును చూసింది. ఆ వెలుగు నేను దాని ముఖంలోనే ఒకప్పుడు చూశాను, నిద్దరనప కాడను గోటితో గీరినప్పుడు.

“లేదు సార్. మా పాప రవంత ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తుంది,” అంది.

“ఏదీ, ఒకసారి ఎత్తుకుంటా,” అని ఆయన చేతులు చాచాడు.

“నిద్దరపోతా ఉండాది సామీ,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “కాఫీ తాగండి. లేస్తుంది.”

కుముద కర్ర పట్టుకుని లేచి ఆయనకూ నాకూ మధ్య నిలబడి, స్టవ్ వెలిగించి, పాలు గిన్నెలో పోసింది. ఒక చెంచాడు పాలు నా చేతికి అందించింది. నేను కొంగు కప్పుకుని బిడ్డ పెదవి మీద చుక్క వేశాను. లేవలేదు. ఇంకో చుక్క వేశాను. కాఫీ పొంగింది, కుముద వడగట్టింది. చెంగల్రాయుడు గారు మా ఆయన ఎట్లున్నాడని అడిగాడు. ఏం జవాబు చెప్పానో గుర్తు లేదు. కొంగు కింద నా వేళ్ళు ఆ చల్లటి తొడను పట్టుకుని ఉన్నాయి. లేస్తే గిల్లాలి. ఎనిమిది నెలల బిడ్డను, నా బిడ్డ పళ్ళన్నీ ఇచ్చి తెచ్చుకున్న బిడ్డను, ఏడ్చేంత గట్టిగా గిల్లాలి.

పెదవి కదిలింది. చప్పరింపు తగిలింది. గిల్లాను.

బిడ్డ ఇల్లు అదిరేటట్టు ఏడ్చింది. చెంగల్రాయుడు గారు గ్లాసు కింద పెట్టి ఎత్తుకున్నాడు. కాసేపు ఊపాడు. “మంచి గొంతు,” అన్నాడు. ఆ మాటలో ఎంత సంతోషం ఉందో అంత నిరాశ ఉంది. బిడ్డను నాకిచ్చి, చెప్పులు వేసుకుని, ఎండలోకి వెళ్ళిపోయాడు.

కుముద తలుపు గడియ వేసి, బిడ్డ తొడ మీద కందిన చోటు చూసి, నా చెయ్యి తీసుకుని కళ్ళకు అద్దుకుంది. “ఇంగ ప్రతిసారీ గిల్లలేం గదా మా,” అంది.

అందుకే రోజూ పాల ముందు కాసేపు కూర్చోబెట్టుకుంటాను. ఊరిలోని తల్లులందరూ బిడ్డల్ని ఊరుకోబెడతారు. నేను మా పాపకు ఏడవడం నేర్పిస్తున్నాను. “ఆకిలైతే ఆగేది కాదు తల్లీ. ఇట్ల చెయ్యాల,” అని నోరు తెరిచి ఏడ్చి చూపిస్తాను. మొదట్లో నటించేదాన్ని. ఇప్పుడు నటించే పని లేదు, నోరు తెరిస్తే వస్తుంది. పాప కళ్ళు పెద్దవి చేసి నా ముఖం చూస్తుంది. కన్నీళ్ళను వేలితో ముట్టుకుంటుంది.

తర్వాత నవ్వుతుంది.